సర్వీసు ముగిశాక: సీసీ కెమెరాల లైనా, సైబర్ డెస్కా, ఏది మేలు?

సిగ్నల్స్, ఈఎంఈ (సైన్యం యంత్రాలు, పరికరాల మరమ్మతు విభాగం), ఎయిర్‌ఫోర్స్ టెక్నికల్ ట్రేడుల నుంచి పెన్షన్ మీద వస్తున్నవాళ్లు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. అడిగేవాళ్లలో ఎక్కువమంది జీతం పక్కన జీతం పెట్టి చూస్తున్నారు. నా దృష్టిలో తేల్చేది జీతం కాదు, రాత్రిళ్లు ఎక్కడ ఉంటారన్నది. ఇరవై ఏళ్లకు చేరి 15, 17 ఏళ్లు చేసి వచ్చే జవానుకు ముప్పై అయిదు దాటుతుంది. పిల్లలు అయిదో తరగతికీ ఎనిమిదో తరగతికీ మధ్య ఉంటారు. ఇన్నాళ్లూ బడి, బ్యాంకు, పెద్దవాళ్ల ఆసుపత్రి అన్నీ భార్యే ఒంటిచేత్తో లాక్కొచ్చింది. పెన్షన్ ఎలాగూ వస్తుంది, వైద్యానికి ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) ఉంది. ఇంటికి లేనిది మనిషే.

సైబర్ డెస్క్‌ లో మొదటి మెట్టు సాక్‌లో, అంటే కంపెనీల కంప్యూటర్ల మీద నిఘా పెట్టే కేంద్రంలో, ఎల్1 ఎనలిస్ట్. అది ఇరవై నాలుగు గంటల పని కాబట్టి షిఫ్టులు మారుతూ ఉంటాయి. నైట్ డ్యూటీ మనకు కొత్తా అంటారు చాలామంది. డ్యూటీ కొత్త కాదు, నిజమే. కానీ పగలంతా తలుపు వేసుకుని పడుకున్న మనిషి పిల్లల లెక్కల పుస్తకం ఎప్పుడు తెరుస్తాడు?

పనికి మాత్రం ఫౌజీ బుర్ర బాగా సరిపోతుంది. విండోస్ లాగ్‌లో, అంటే కంప్యూటర్ తనంతట రాసుకునే చిట్టాలో, ఒకే ఖాతా మీద 4625, అంటే విఫలమైన లాగిన్లు, వరసగా వందల్లో కనిపిస్తాయి. పాస్‌వర్డ్ గడువు తీరిన సర్వీస్ ఖాతా అయినా అలాగే కొట్టుకుంటుంది, కాబట్టి అదొక్కటే చూసి కంగారు పడనక్కర్లేదు. ఆ వరస వెనకే బయటి ఐపీ నుంచి 4624, అంటే లాగిన్ కుదిరినట్టు, కనిపిస్తే మాత్రం వెంటనే పైకి చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం సంఘటన గమనించిన 6 గంటల్లో రిపోర్టు వెళ్లాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. లాగ్‌బుక్ రాసే అలవాటున్న చెయ్యి ఇక్కడ కలిసొస్తుంది. పై మెట్టు ఎల్2కో, ఆడిట్ వైపుకో మారితే పగటి పని దొరకొచ్చు. కానీ అప్పటిదాకా ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరుల్లోనే అద్దె కట్టాలి.

కెమెరాలు, యాక్సెస్ కంట్రోల్, ఫైర్ అలారం లైనులో పని చాలావరకు పగటిదే, మీ జిల్లాలోనే దొరుకుతుంది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ప్రజా భద్రత చట్టం వందమంది చేరే సంస్థల్లో కెమెరాలు తప్పనిసరి చేసింది, రికార్డింగ్ 30 రోజులు ఉండాలంది. కాబట్టి కల్యాణ మండపం నుంచి కాలేజీ దాకా గిరాకీ ఉంది. లేనిది లెక్క తెలిసిన మనిషి. 4 మెగాబిట్ల స్ట్రీమ్ ఇచ్చే కెమెరా రోజుకు దాదాపు 43 జీబీ తింటుంది, నెలకు 1.3 టీబీ. పదహారు కెమెరాలకు 20 టీబీ పైమాటే. అక్కడ 4 టీబీ డిస్క్ బిగించి వెళ్లిపోతారు. పోలీసులు వచ్చి రెండు వారాల కిందటి ఫుటేజీ అడిగిన రోజున ఏమీ ఉండదు.

ఈ లైనులో తరచూ వచ్చే ఫిర్యాదు ఒకటి చెబుతాను. పగలంతా బాగుండే కెమెరా చీకటి పడగానే రీస్టార్ట్ అవుతూ ఉంటుంది. కెమెరా మార్చినా అదే తంతు. రాత్రి చీకట్లో చూడటానికి కెమెరాలో ఉండే ఐఆర్ లైట్లు వెలగ్గానే కరెంటు ఎక్కువ లాగుతుంది, సన్నటి కేబుల్‌లో వోల్టేజీ పడిపోతుంది. వైరు కొనను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. అసలు రాగి కేబుల్ వేసి, 100 మీటర్లు దాటనివ్వకుండా, నెట్‌వర్క్ కేబుల్‌లోంచే కెమెరాలకు కరెంటు ఇచ్చే పీఓఈ స్విచ్ మొత్తం వాట్లు కూడి చూసుకుంటే ఆ ఫిర్యాదు మళ్లీ రాదు. కరెంటు ఉన్నంతసేపూ మూసి ఉంచే మ్యాగ్నెటిక్ లాక్ పెట్టిన తలుపు దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఫైర్ ప్యానెల్ రిలే ఆ లాక్ కరెంటును నేరుగా కోసెయ్యాలి, మధ్యలో సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడకూడదు. పొగలో తలుపు తెరుచుకోకపోతే పోయేవి ప్రాణాలు.

ఇబ్బందులు లేవని కాదు. నిచ్చెన పని మోకాళ్లకు భారం. బిల్లులు నెలల తరబడి రావు. ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) కాగితంలో ‘ఎప్పుడు పిలిచినా’ అని ఒప్పుకుంటే రాత్రిళ్లు మళ్లీ పోతాయి. ఏ సమస్యకు అదే రోజు, దేనికి మరుసటి పగలు అన్నది ముందే రాయించుకోండి. సొంత షాపు కంటే ముందు రెండేళ్లు ఎవరి దగ్గరైనా చెయ్యడం మేలు. కమ్యూట్ చేసిన పెన్షన్ సొమ్ము, అంటే నెలనెలా కొంత కోతకు ఒప్పుకుని ముందే ఒకేసారి తీసుకున్నది, మాత్రం సరుకులో పోయకండి. ఆ కోత పోయి పూర్తి పెన్షన్ తిరిగి రావడానికి 15 ఏళ్లు పడుతుంది.

బ్యాంకు, పీఎస్‌యూ ఉద్యోగాలు గ్రూప్ సీలో 14.5 శాతం మాజీ సైనికులకున్నాయి. వస్తే వదలొద్దు, రాకపోతే ఎదురుచూస్తూ కూర్చోవద్దు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీలో సూపర్‌వైజర్ పనిలో మీ ట్రేడు అక్కరకు రాదు.

నా మొగ్గు కెమెరాల లైనుకే. పిల్లలు కాలేజీ దాటినవాళ్లకూ, ఇప్పటికే హైదరాబాద్‌లో ఇల్లున్నవాళ్లకూ సైబరే నయం. రెండింటికీ పునాది నెట్‌వర్కింగే. ఐపీ అడ్రసింగ్, వీల్యాన్ (ఒకే నెట్‌వర్క్‌ను విడి భాగాలు చెయ్యడం), టైమ్ సింక్ (అన్ని పరికరాల గడియారాలు కలపడం) రాకుండా ఏ వైపూ వెళ్లలేరు. అందుకే సర్వీసు చివరి రెండేళ్లలో డీజీఆర్ (సైనికుల పునరావాస డైరెక్టరేట్) కోర్సు అడిగేటప్పుడు మొదట నెట్‌వర్కింగ్ కోర్సు పేరే రాయండి. ఏ దారి అన్నది ఇంటికొచ్చాక భార్యతో కూర్చుని తేల్చుకోవచ్చు.