వంటల పుస్తకం ఏం వదిలేసిందో చూసి కొనండి: కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

శాకాహార వంటల పుస్తకం కొనేటప్పుడు అందరం చూసేవి మూడు: ఎన్ని వంటలున్నాయి, ఫొటోలు బాగున్నాయా, ధరెంత. వీటిలో ఒక్కటీ వంటింట్లో అక్కరకు రాదని నా అభిప్రాయం. చూడాల్సింది ఆ పుస్తకం ఏం చెప్పకుండా వదిలేసిందో. వదిలేసిన సంగతి మీ చేతికి తెలిసినదైతే అది మీకు సరిపోయే పుస్తకమే. తెలియనిదైతే ఎంత అందంగా అచ్చు వేసినా షెల్ఫులో ఉండిపోతుంది.

మాది హైదరాబాద్‌లో నల్లకుంట. ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం, గుడ్డు కూడా వండం. పుస్తకాలు కొన్ని కాచిగూడ నవోదయ పుస్తకాల షాపులో కొన్నవి, కొన్ని డిసెంబరులో జరిగే బుక్ ఫెయిర్‌లోవి, ఎక్కువ భాగం ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీదవి. నావి నేను వాడటమే కాక మా తమ్ముడికీ ఇస్తుంటాను. వాడు మియాపూర్‌లో స్నేహితులతో ఫ్లాట్ తీసుకుని అప్పుడే గరిటె పట్టాడు. అందుకే ఒకే పుస్తకం కొత్తవాడి చేతిలో ఎలా ఉంటుందో, అలవాటైన చేతిలో ఎలా ఉంటుందో రెండూ చూశాను.

వాడికి మొదట ఎవరో బహుమతిగా ఇచ్చింది నిగనిగలాడే కాగితం మీద పేజీకో ఫొటో ఉన్న పుస్తకం. పేరు చెప్పను, అలాంటివి చాలానే ఉన్నాయి. 'బ్యాచిలర్ల కోసం' అని అట్ట మీదే ఉంది. పప్పు చేయడం గురించి అందులో ఉన్నది ఇంతే: కందిపప్పు కడిగి కుక్కర్‌లో మూడు విజిల్స్ రానివ్వాలి. మావాడు మూడు రానిచ్చాడు, పప్పు పలుకుగానే ఉంది. ఇంకో మూడు రానిచ్చాడు. నీళ్లు వేరు, పప్పు వేరు. "అక్కా, పప్పు పాతదేమో" అని ఫోన్ చేశాడు.

పప్పు మంచిదే, ఆ ఫ్లాట్‌లో వచ్చేవి బోరు నీళ్లు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి పప్పు గింజను గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని పట్టుకుని బిగిస్తాయి, గింజ మెత్తబడదు. మాకు నల్లా నీళ్లు వస్తాయి కాబట్టి మా ఇంట్లో ఆ బాధ లేదు. తాగే నీళ్లతో వండితే, అరగంట నానబెడితే చాలావరకు తీరిపోతుంది. మరీ మొండిగా ఉంటే చిటికెడు వంటసోడా. హైదరాబాద్‌లో సగం అపార్ట్‌మెంట్లకు ఈ గొడవ ఉందనుకుంటాను, కానీ ఆ పుస్తకంలో ఒక్క ముక్క లేదు. చింతపండు రసం పప్పు ఉడికాకే పోయాలని రాశారు గానీ ఎందుకో రాయలేదు. పులుపు కూడా గింజను మెత్తబడనివ్వదు, అదీ కారణం. ఇక విజిల్స్ సంగతి. ఒకే కుక్కర్‌కు గ్యాస్ పొయ్యి మీద మూడు విజిల్స్ రావడానికి పట్టే టైము, ఇండక్షన్ మీద పట్టే టైము ఒకటి కాదు. మంట పెద్దదైతే గబగబా కూస్తుంది, లోపల పప్పుకు ఉడికే సమయమే దొరకదు. మొదటి విజిల్ వచ్చాక సన్నటి సెగ మీద ఎన్ని నిమిషాలు ఉంచాలో రాసిన పుస్తకం కొత్తవాళ్లకు పనికొస్తుంది. విజిల్స్ మాత్రమే లెక్కపెట్టే పుస్తకం అప్పటికే వండేవాళ్లకు.

ఆ తర్వాత వాడికి నేను ఇచ్చింది మీనాక్షి అమ్మాళ్ 'కుక్ అండ్ సీ'. 1951లో తమిళంలో 'సమైత్తుప్పార్' పేరుతో వచ్చింది, ఇప్పటికీ అచ్చులో ఉంది. తమిళనాట పెళ్లయి వెళ్లే అమ్మాయికి ఇచ్చి పంపే పుస్తకంగా దానికి పేరు. ఆవిడ ఎదురుగా ఉన్న మనిషికి ఏమీ రాదనుకునే రాశారు. అయినా ఎక్కడా చిన్నచూపు ఉండదు, కావాల్సినవి ముందు, చేసే పద్ధతి తర్వాత, మెల్లగా చెప్పుకుంటూ పోతారు. తమ్ముడు ఇప్పుడు రసం నాకంటే బాగా పెడతాడు. కాకపోతే అది తమిళ ఇంటి వంట. కూటు (పప్పు వేసిన కూర), కుళంబు (పులుసు) ఉంటాయి, మన రోటి పచ్చళ్ల కోసం అందులో వెతకొద్దు. కారం కూడా మన నాలుకకు చప్పగానే అనిపిస్తుంది. నేనైతే ఎండుమిర్చి ఒకటిన్నర రెట్లు వేస్తాను.

అసలు ఇబ్బంది రెండో మెట్టు మీద ఉన్నవాళ్లది. పప్పు, చారు, వేపుడు, ఉప్మా పుస్తకం చూడకుండా వచ్చేశాయి. ఆ పైన ఏం చేయాలో తెలియదు. వీళ్లే వెయ్యి వంటల పుస్తకం కొంటారు, నేనూ కొన్నాను. అందులో పనీర్‌తో పాలకూర, పనీర్‌తో మెంతికూర, పనీర్‌తో కాప్సికం, పనీర్‌తో మళ్లీ పాలకూర. వెయ్యికి చేరడానికి ఏదో ఒకటి కలపాలి కదా! దాన్ని ఎవరికో ఇచ్చేశాను, ఎవరికో కూడా గుర్తులేదు.

ఈ దశలో కావాల్సింది కారణాలు చెప్పే పుస్తకం. నా దగ్గర ఎక్కువ నలిగినది యమునాదేవి రాసిన 'లార్డ్ కృష్ణాస్ క్యుజీన్'. 1987లో అమెరికాలో వచ్చింది, ఐదు వందలకు పైగా వంటలు, ఇటుకలా బరువు. ఆవిడ ఇస్కాన్ భక్తురాలు కాబట్టి ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు, పుట్టగొడుగులు ఏవీ ఉండవు. కార్తీకమాసం అంతా నేను దీని మీదే నడిపిస్తాను. నెయ్యి కాచడం, పాలు విరవడం, పోపు పెట్టడం లాంటి పనులను విడమరిచి చెప్తుంది. ఎప్పటినుంచో మనం చేస్తున్న పనినే ఎందుకలా చేస్తున్నామో అందులో చదివితే, అదే పని ఇంకో కూరలో ఎక్కడ వాడుకోవచ్చో దానంతటదే తడుతుంది. కొత్తవాళ్లకు మాత్రం ఇవ్వొద్దు. ఆ లావు చూసే భయపడతారు.

విదేశీ పుస్తకాలు కొనేవాళ్లు గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. వాళ్ల 'వెజిటేరియన్'లో గుడ్డు మామూలే. పార్మెజాన్ చీజ్ అసలుదైతే దూడ పొట్టలోంచి తీసే రెనెట్‌తో (పాలను విరిచే పదార్థం) చేస్తారు, వూస్టర్ సాస్‌లో చేపలుంటాయి, జెలటిన్ ఎముకలూ చర్మంలోంచి వచ్చేది. మన పాకెట్ల మీద పచ్చ చుక్క చూసుకుంటే సరి, కానీ పుస్తకానికి పచ్చ చుక్క ఉండదు. కొలతలూ అంతే. అమెరికన్ కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు, మన దగ్గర సెట్లుగా అమ్మే కప్పు ఎక్కువగా 250, రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 దాకానే. ఆస్ట్రేలియా పుస్తకంలో టేబుల్ స్పూను 20 మిల్లీలీటర్లు, మిగతా చోట్ల 15. కూరలో ఈ తేడా తెలియదు. కేకులో, ఇడ్లీ పిండిలో బాగా తెలుస్తుంది. అన్నం విషయంలో ఏ పుస్తకాన్నీ నమ్మకండి. కొత్త బియ్యానికి నీళ్లు తక్కువ చాలు, పాత సోనామసూరి ఎక్కువ తాగుతుంది. మీ ఇంటి బియ్యం సంగతి పుస్తకం రాసినావిడకు ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు నేను ఎక్కువగా తెరిచేది అట్ట ఊడిపోయిన ఒక పాత తెలుగు పుస్తకం. ముందు పేజీలు లేవు కాబట్టి ఎవరు రాశారో తెలియదు. ఫొటో ఒక్కటీ లేదు. కొలతలు సోలలు, గిద్దెలు, తులాలు. మెట్రిక్ చట్టం 1956లో వచ్చినా వంటిళ్లు మారడానికి చాలా కాలమే పట్టింది మరి. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ. తులం అంటే పదకొండు గ్రాములు దాటి, పన్నెండుకు కాస్త తక్కువ. నిష్పత్తి చూసుకుంటే చాలు, సోల అసలు ఎంతన్నది అక్కర్లేదు.

అందులో అరిసెల గురించి మూడు నాలుగు వాక్యాలే: బియ్యం నానబెట్టి దంచాలి, బెల్లం ఉండపాకం పట్టాలి, పిండి పోసి కలిపి వత్తి వేయించాలి. నానిన బియ్యాన్ని వడకట్టాక తడి ఆరకముందే పిండి పట్టించాలని, ఆ పిండి ఆరిపోకుండా గుడ్డ కప్పి ఉంచాలని, పాకాన్ని నీళ్లలో వేస్తే వేళ్లకు మెత్తని ఉండలా రావాలని, అది దాటితే అరిసె రాయి అవుతుందని ఆ పుస్తకం చెప్పదు. ఇవి చేతికి వచ్చినవాళ్లకు ఆ మూడు వాక్యాలు చాలు. బెల్లం ఎంత, నువ్వులు ఎప్పుడు, ఇంతే కదా మనం మర్చిపోయేది. తమ్ముడికి చూపిస్తే "ఇదేంటక్కా, టెలిగ్రాంలా ఉంది" అన్నాడు. వాడన్నది నిజమే. నాకు ఆ టెలిగ్రామే కావాలి. సంక్రాంతికి ముందు పని మధ్యలో నాలుగు పేజీల ఉపోద్ఘాతం ఎవరు చదువుతారు?

షాపులో నిలబడి పుస్తకం తేల్చుకోవడానికి నేను చేసేదొకటి చెప్తాను. గొప్ప వంట పేజీ తియ్యను, చారు పేజీ తీస్తాను. ఎంత చింతపండు, ఎన్ని నీళ్లు, ఎంతసేపు మరగాలి, పొంగు రాగానే దించాలా లేదా. 'నిమ్మకాయంత చింతపండు' దగ్గరే ఆగిపోతే రాసినవాళ్లు మనకు వచ్చనుకుని రాశారన్నమాట. ఇక హైదరాబాద్ వంటలున్న పుస్తకమైతే బగారా బైంగన్ (మసాలా వంకాయ కూర) కూడా చూడండి. నువ్వులు, పల్లీలు, ఎండుకొబ్బరి విడివిడిగా వేయించమని చెప్పిందా? పల్లీ వేగేసరికి నువ్వు మాడుతుంది, కలిపి వేయిస్తే సాలన్ (కూర పులుసు) చేదెక్కుతుంది. మసాలా ముద్ద అంచుల్లో నూనె తేలేదాకా ఆగమందా? 'ఐదు నిమిషాలు వేయించండి' అని మాత్రమే ఉంటే, ఆ పుస్తకం గడియారాన్ని చూస్తోంది, మూకుట్లోకి చూడటం లేదు. కొత్తవాళ్లకు నిమిషాలూ కావాలి, గుర్తులూ కావాలి. ఆవాలు చిటపటమనడం, పచ్చివాసన పోవడం, రంగు మారడం ఇవి రాసి ఉంటే ఆ పుస్తకం మీతోపాటు పెరుగుతుంది, కొన్నాళ్లకు ఇచ్చేయాల్సిన పని రాదు.

విషయసూచిక గురించి ఎవరూ మాట్లాడరు గానీ నాకదే ముఖ్యం. మేం మెహదీపట్నం రైతుబజారుకు వెళ్లి ఏది లేతగా ఉంటే అది తెచ్చుకునే రకం. ఇంటికొచ్చాక చేతిలో పొట్లకాయ, చుక్కకూర ఉంటాయి. పుస్తకమేమో స్టార్టర్లు, మెయిన్ కోర్సు, డెజర్ట్‌లు అని విభజించి ఉంటుంది. కూరగాయను బట్టి వెతికే వీలున్న పుస్తకం వారానికి ఎన్నిసార్లో తెరుస్తాం. కోర్సుల ప్రకారం అమర్చినది చుట్టాలొచ్చినప్పుడు తీస్తాం, అంతే. మన ఆకుకూరలు ఎన్ని ఉన్నాయో కూడా చూడండి. బచ్చలి, గంగవాయిలి, గోంగూర లేకుండా పాలకూర ఒక్కదానితో సరిపెట్టిన పుస్తకానికి నా దగ్గర చోటు లేదు.

యూట్యూబ్ ఉండగా పుస్తకమెందుకని మావారు అడుగుతుంటారు. వీడియోలో చెయ్యి కదలిక తెలుస్తుంది, అది పుస్తకం ఇవ్వలేదు. సకినాలు చుట్టడం పుస్తకంలో చదివి రాదు, పక్కన కూర్చుని చూడాలి, లేదా వీడియో చూడాలి. కానీ పిండి చేతులతో ఫోన్ వెనక్కి జరపడం కంటే పేజీ వైపు ఓ చూపు చూడటం తేలిక. మార్జిన్‌లో 'ఉప్పు తగ్గించు' అని పెన్సిల్‌తో రాసుకోవచ్చు కూడా.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 'కుక్ అండ్ సీ' మొదటి భాగం కొనుక్కోండి, మిగతా భాగాలు తర్వాత చూసుకోవచ్చు. రోజువారీ వంట వచ్చేసినవాళ్లు ఒక్క లావు పుస్తకం మీద ఖర్చు పెట్టండి, నాలుగు ఫొటో పుస్తకాలకు పెట్టే డబ్బుకు తగ్గ విలువ ఆ ఒక్కదానిలోనే దొరుకుతుంది. పండగ పిండివంటలు చేతికొచ్చినవాళ్లు మాత్రం ఆదివారం పొద్దున ఎండెక్కకముందే అబిడ్స్ వెళ్లండి. అట్ట లేకపోయినా ఫరవాలేదు, కొలతల పట్టిక ఉన్న పేజీ చిరిగిందేమో చూసి, ఆ తర్వాత బేరం ఆడండి.