దూలం మోస్తున్న మనవాళ్ళు: సింగపూర్ మాజు గుడి

సింగపూర్‌లో ఉన్నది నాలుగు రోజులు. వినోదాల దీవి సెంటోసాకి ఒక రోజంతా పోయింది, డబ్బులూ బాగానే పోయాయి. తెలోక్ అయర్ వీధిలోని తియాన్ హాక్ కెంగ్ గుడికి పైసా తీసుకోలేదు, గంటన్నరలో చూసేశాం. అయినా ఇంటికొచ్చాక అమ్మ అందరికీ చెబుతున్నది దీని గురించే.

బస లిటిల్ ఇండియాలో. పొద్దున్నే ఇడ్లీ దొరుకుతుంది, అమ్మకి ఇబ్బంది ఉండదని. ఆ లెక్క తప్పలేదు కానీ గది దగ్గర దెబ్బతిన్నాం. కిటికీ ఉందన్నారు, తెర తీస్తే జానెడు దూరంలో పక్క బిల్డింగు గోడ! సూట్‌కేసు విప్పాలంటే ఒకరు మంచమెక్కి కూర్చోవాలి. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు గది ఎన్ని చదరపు మీటర్లో చూసి మరీ బుక్ చేసుకోండి. మెట్రో మాత్రం హాయి. డౌన్‌టౌన్ లైన్ ఎక్కితే రైలు మారకుండా తెలోక్ అయర్‌లో దిగొచ్చు.

గుడి గడప బాగా ఎత్తు. అమ్మ దాని మీద కాలు పెట్టబోతే ఊడుస్తున్న పెద్దాయన చెయ్యూపి, దాటి రమ్మని సైగ చేశాడు. "మనింట్లో నేను మొత్తుకునేదీ అదేగా" అని నా వైపు చూసింది.

ఇది సముద్రదేవత మాజు గుడి. 1839లో మొదలుపెట్టి 1842లో పూర్తిచేశారు. చైనాలోని ఫూజియాన్ నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళు క్షేమంగా ఒడ్డున పడ్డందుకు ఇక్కడ మొక్కు తీర్చుకునేవారు. అప్పట్లో సముద్రం గుడి ముందే ఉండేది, తర్వాత పూడ్చేశారు. ఇప్పుడు చుట్టూ ఆఫీసు మేడలు. అమ్మవారికి అటూ ఇటూ ఇద్దరు రాక్షసులు: ఎంత దూరాన్నున్న ఓడనైనా చూడగలిగేవాడొకడు, గాలిలో తేలివచ్చే కేకనైనా వినగలిగేవాడొకడు. "మన గంగమ్మేరా ఈవిడ" అంది అమ్మ. కాకినాడలో పుట్టి, జాలర్లు వేటకెళ్ళేముందు గంగమ్మకి మొక్కడం చూస్తూ పెరిగిన మనిషి మరి.

మేకులు కొట్టకుండా, చెక్కలో చెక్క బిగించి కట్టిన గుడి ఇది. ముందే చదువుకుని వెళ్ళాను కాబట్టి మెడ నొప్పెట్టేదాకా పైకే చూశాను. దొరికారు! దూలాల కింద, కప్పు బరువంతా తమదే అన్నట్టు మోస్తున్న చిన్న చెక్క మనుషులు. ముఖాలు చైనావాళ్ళవి కావు, మనవాళ్ళవి. దగ్గర్లోని చూలియా వీధి నుంచి వచ్చి గుడి పనిలో చెయ్యేసిన తమిళ కూలీలకి గుర్తుగా చెక్కారంటారు. దేవుళ్ళ విగ్రహాలకన్నా నేను ఎక్కువసేపు నిలబడింది వీళ్ళ దగ్గరే.

లోపల ఒక ముసలావిడ మోకాళ్ళ మీద కూర్చుని నెలవంకల్లాంటి రెండు చెక్కముక్కలు నేల మీద వేస్తోంది. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే దేవత ఒప్పుకున్నట్టు. రెండుసార్లు కుదరలేదు. మూడోసారి పడగానే ఆవిడకంటే ముందు అమ్మే "హమ్మయ్య" అంది.

అదే వీధిలో నాగూర్ దర్గా కూడా ఉంది, గుడికన్నా పాతది, 1830 నాటికే కట్టేశారు. చైనాటౌన్‌లోని బుద్ధ దంత ఆలయం 2007లో కట్టినది. మెరుపులు ఎక్కువే, జనమూ ఎక్కువే. టైము లేకపోతే నేనైతే దాన్నే వదిలేస్తాను. మాజు గుడికి పొద్దున్నే వెళ్ళండి, సాయంత్రం ఐదుకల్లా మూసేస్తారు.