ముక్కు గొట్టమా, పొట్ట గొట్టమా? ముందు మింగుడు సంగతి అడగండి

పక్షవాతం వచ్చి మింగలేకపోతున్న మనిషికి ముక్కులోంచి కడుపులోకి పంపే రైల్స్ ట్యూబ్ ఉంచాలా, పొట్టకి చిన్న కన్నం పెట్టి నేరుగా కడుపులోకి అమర్చే పెగ్ గొట్టం వేయించాలా అని కాకినాడ, అమలాపురం ఆసుపత్రుల వరండాల్లో చుట్టాలంతా తెగ వాదించుకుంటారు. అసలు అడగాల్సింది వేరే. మింగుడు ఎన్నాళ్లకి తిరిగొస్తుంది? అది కాస్త తేలితే గొట్టం గొడవ సగం తీరినట్టే.

మొదటి రెండు మూడు వారాలకి ముక్కు గొట్టమే మేలు, ఇందులో నాకు మొహమాటం లేదు. 2005లో వచ్చిన ఫుడ్ (FOOD) అనే పక్షవాత రోగుల అధ్యయనంలో తొందరపడి పెగ్ వేసినవాళ్లు బాగుపడలేదు సరికదా, ముక్కు గొట్టంవాళ్ల కంటే కాస్త వెనకబడ్డారు. పైగా చాలామందికి ఆ వారాల్లోనే మింగడం వచ్చేస్తుంది, ఎందుకంటే ఆ పని మెదడు రెండు పక్కల నుంచీ నడుస్తుంది, ఒక పక్క దెబ్బతింటే రెండోది మెల్లగా అందుకుంటుంది.

ముక్కు గొట్టంతో చిరాకు లేదని కాదు. నిద్రమత్తులో పీకేసుకుంటారు, ఇల్లు ఏ లంక ఊళ్లోనో ఉంటే తెల్లారేదాకా పస్తే, మళ్లీ వేశాక అది కడుపులోనే ఉందని తేలేదాకా చుక్క పోయకూడదు. పెగ్‌కి ఆ బాధ తక్కువ, చొక్కా కింద దాగిపోతుంది. "పొట్టకి కన్నం పెడితే ఇక జన్మంతా అంతే" అంటారు గానీ, మింగడం వచ్చాక తీసేస్తే మామూలుగా దానంతటదే పూడిపోతుంది.

మరి ఎవరికి మింగుడు లేటవుతుందో ఎలా తెలియాలి? మంచం దగ్గర నీళ్లు తాగించి చూస్తారు, పొలమారలేదని మనం సంబరపడతాం, కానీ కొందరికి దగ్గు కూడా రాకుండా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ముక్కులోంచి సన్న కెమెరా పంపే ఫీస్ (FEES) అనే పరీక్ష దాన్ని పట్టేస్తుంది, అయితే అది చెప్పేది ఇవాళ్టి సంగతి. రాబోయే నెల అంచనాకి 2019లో స్విస్ డాక్టర్ల బృందం ప్రెస్ (PRESS) అనే స్కోరు తెచ్చింది: వయసు, స్ట్రోక్ తీవ్రత, మెదడులో దెబ్బ తగిలిన చోటు, పొలమారే ప్రమాదం, మొదట్లో నోటితో ఎంత తినగలుగుతున్నారు అన్నవి కలిపి 7వ రోజుకి, 30వ రోజుకి లెక్క చెబుతుంది. అంచనాయే, జాతకం కాదు.

ఈలోగా ఎవరో ఒకరు "కొబ్బరినీళ్లేగా, చెంచాడు పొయ్యండి" అంటారు. పొయ్యొద్దు. పల్చటివే ముందు దారి తప్పుతాయి, చిక్కటి జావే కాస్త అదుపులో ఉంటుంది, అదీ మింగుడు పరీక్షించే స్పీచ్ థెరపిస్ట్ సరేనన్నాకే.

స్కోరు బాగోక, నాలుగో వారానికీ గుటక పడకపోతే మాత్రం నా ఓటు పెగ్‌కే.