సీఎస్ చదవాలా, చెన్నై వెళ్లాలా, మళ్లీ నల్లకోటు వేసుకోవాలా?

మా పిన్ని కొడుకు ముత్తుకూరు రోడ్డులో ఒక రొయ్యల మేత కంపెనీలో నాలుగేళ్లుగా లీగల్ ఆఫీసర్. పోయిన ఆదివారం ఇంటికొచ్చి, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, "పని పెరగతా ఉంది గానీ నేను పెరగడం లేదన్నా" అన్నాడు. వాడి మనసులో మూడు ఆలోచనలున్నాయి. ఉద్యోగం చేస్తూనే కంపెనీ సెక్రటరీ (సీఎస్) కోర్సు పూర్తి చేయడం, చెన్నైలో పెద్ద కంపెనీకి మారడం, లేదా అన్నీ వదిలేసి నెల్లూరు కోర్టులో ప్రాక్టీస్ పెట్టడం.

నేను ముందు నా పాత గొడవ ఒకటి చెప్పాను. మొదటి కంపెనీలో ఉన్నప్పుడు ఒక డీలరిచ్చిన చెక్కు బౌన్సయింది. చెక్కు చెల్లలేదని బ్యాంకిచ్చే మెమో అందిన 30 రోజుల్లోపు డీలర్‌కు నోటీసు పంపాలి. ఆ మెమో అకౌంట్స్ వాళ్ల టేబుల్ మీద బిల్లుల కింద పడి ఉండి, నా చేతికి 37వ రోజున వచ్చింది. చెక్కు మళ్లీ బ్యాంకులో వేద్దామంటే దాని మూడు నెలల గడువూ దాటిపోయింది. చెక్కు బౌన్స్ మీద వేసే సెక్షన్ 138 క్రిమినల్ కేసు పోయి, డబ్బు రాబట్టుకునే సివిల్ దావా మిగిలింది. తిట్లన్నీ నాకే పడ్డాయనుకోండి. ఆ తర్వాత గడువులన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుని, ప్రతి సోమవారం పొద్దున్నే అకౌంట్స్ గదిలో కూర్చోవడం మొదలుపెట్టాను. ఏడాది తిరిగేసరికి, డీలర్ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టే ముందు ఎండీ నన్ను పిలిచేవారు. జీతం, హోదా ఆ పిలుపు వెనకే వచ్చాయి. అందుకే ఏ దారి మేలో అడిగితే, సంతకానికి ముందు మనల్ని పిలిపించేది ఏది అనే చూస్తాను.

ఆ లెక్కన సీఎస్‌కు బలం ఎక్కువ. బోర్డు మీటింగులు ఏడాదికి కనీసం నాలుగు జరగాలి, రెండింటి మధ్య 120 రోజులకు మించి ఎడం ఉండకూడదు. నోటీసు పంపేది, మినిట్స్ (మీటింగులో ఏం తేల్చారో ఆ రికార్డు) రాసేది సీఎస్. డైరెక్టర్లు ఏం చేయబోతున్నారో అందరికంటే ముందు తెలిసేది అతనికే. లా చదివినవాళ్లకు కంపెనీ చట్టం పేపర్లు కొత్తగా అనిపించవు, అకౌంట్స్, ట్యాక్స్ దగ్గరే తంటా. పరీక్షలు జూన్, డిసెంబర్‌లలో ఉంటాయి. పైన 21 నెలల ట్రైనింగ్ ఉంది. ఉద్యోగం చేసుకుంటూ అంటే నాలుగేళ్లు రాసిపెట్టుకోవాలి.

కానీ మా వైపు చాలామంది చూడని మెలిక ఒకటుంది. స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీల సంగతి వేరు. మిగతావాటిలో పెయిడప్ క్యాపిటల్, అంటే వాటాదారులు షేర్ల కింద కట్టిన సొమ్ము, 10 కోట్లు, ఆపైన ఉంటేనే ఫుల్‌టైమ్ సీఎస్‌ను పెట్టుకోవాలని చట్టం అంటుంది. టర్నోవర్ కాదు, పెయిడప్. రొయ్యల వ్యాపారంలోనైనా, చీమకుర్తి గ్రానైట్‌లోనైనా కుటుంబ కంపెనీలే ఎక్కువ. వందల కోట్ల సరుకు అమ్మేవాళ్లకు కూడా పెయిడప్ రెండు మూడు కోట్లే ఉండొచ్చు. అలాంటిచోట మీరు సీఎస్ పాసైతే స్వీట్లు పంచుకుంటారు, కుర్చీ మాత్రం మారదు. ఏడాదికోసారి ఫారాలు వేయడానికి బయట ప్రాక్టీస్ చేసే సీఎస్ ఒకరు వాళ్లకు ఎలాగూ ఉంటారు.

చెన్నైలో పరిస్థితి వేరు. ఇక్కడ నెల్లూరులో పొల్యూషన్ బోర్డు నోటీసు, పీఎఫ్ గొడవ, రిజిస్ట్రార్ ఆఫీసు, చెక్కులు, అన్నీ ఒక్కడే చూస్తాడు. ఇంటర్వ్యూలో అది బాగా పనికొస్తుంది. లోటల్లా, రాసిన అగ్రిమెంట్‌ను తీసుకుని ఎర్రగీతలు పెట్టి వెనక్కిచ్చే పైవాడు ఉండకపోవడం. నాలుగేళ్లుగా మావాడు చేసే తప్పు తప్పని చెప్పినవాడు లేడు. ఒరగడం, గిండీ వైపు పెద్ద కంపెనీల్లో ఆ పైవాడు ఉంటాడు. బదులుగా మనకు ఒక ముక్కే ఇస్తారు. కాంట్రాక్టులైతే ఎప్పుడూ కాంట్రాక్టులే. మూడేళ్లకు మించి అక్కడే ఉండిపోతే మిగతా పని మరిచిపోతామని నా భయం. రైలెక్కితే మూడు గంటల్లో ఇంట్లో ఉండొచ్చు కాబట్టి అమ్మానాన్నల గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు.

ఇక నల్లకోటు. జీతానికి చేరేటప్పుడు బార్ కౌన్సిల్ నిబంధన 49 ప్రకారం సనదు (లాయరు లైసెన్సు) సస్పెండ్ చేయించుకున్నాడు కాబట్టి, దాన్ని మళ్లీ తెరిపించుకోవాలి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయొచ్చన్న ఆశ కూడా వాడికి లోలోపల ఉంది. సుప్రీంకోర్టు 2025 మే తీర్పుతో దానికి మూడేళ్ల ప్రాక్టీస్ మళ్లీ తప్పనిసరైంది, కంపెనీలో గడిపిన నాలుగేళ్లు అందులోకి రావు. జడ్జి కావాలన్న కోరిక గట్టిగా ఉంటే ఇవాళే వెళ్లమన్నాను. ప్రమోషన్ రాలేదన్న ఉక్రోషంతో అయితే వద్దన్నాను. లాలో పీజీ, ఎల్‌ఎల్‌ఎం మాట కూడా ఎత్తాడు. పాఠాలు చెప్పాలనుకుంటే చదువు, కంపెనీలో ఎవరూ అడగరు అన్నాను.

కంపెనీ పెయిడప్ 10 కోట్లు, ఆపైన ఉంటే ఇక్కడే ఉండి సీఎస్, లేకపోతే చెన్నై, పుస్తకాలు వెంట తీసుకుని మరీ. ఇదీ నా మాట. కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో వాళ్ల కంపెనీ పేరు కొట్టి చూశాం. మూడున్నర కోట్లు. వాడు చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, "గిండీ దగ్గర రూమ్ అద్దె ఎంతుంటుందన్నా?" అన్నాడు.