కడియపులంక పామ్ విత్తనాలు: ఏ ప్యాకెట్ కొనాలి, ఏది వద్దు

కడియపులంకలో ఒక నర్సరీ అమ్మే పామ్ విత్తనాల్లో ఫాక్స్‌టెయిల్ నిశ్చింతగా కొనొచ్చు. గుజ్జు శుభ్రంగా కడిగి, తడి కొబ్బరి పొట్టులో పెట్టి ఇస్తున్నారు. గింజ చుట్టూ కొమ్మలు కొమ్మలుగా చీలిన నల్లటి పీచు ఉంటుంది, వేరే పామ్‌తో పొరబడే పని లేదు.

తేడా అంతా మెకార్థర్ ప్యాకెట్‌లోనే. మెకార్థర్ గింజకి నిలువునా ఐదు గాడులు ఉండాలి. ఇందులోవి గాడుల్లేకుండా, ఒక కొస సన్నగా, పైన పల్చటి పీచుతో ఉన్నాయి. అవి అరెకా పామ్ గింజలు! పైగా ఎండలో ఆరబెట్టారు, అది ఇంకా పెద్ద నష్టం. అరెకా గింజ పూర్తిగా ఎండితే లోపలి పిండం చచ్చిపోతుంది. చెవి దగ్గర పెట్టి ఊపండి, గలగలమంటే వదిలేయండి.

మీరే విత్తనాలు తీసి తోటివాళ్లకి పంచాలంటే బాగా పండిన కాయలే కోసి, రెండు మూడు రోజులు నానబెట్టి, రోజూ నీళ్లు మార్చి గుజ్జు తీయండి. ఫిష్‌టెయిల్ అనే ఇంకో పామ్ గుజ్జు విపరీతమైన దురద, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. నీళ్లు కారకుండా పిండిన కొబ్బరి పొట్టులో కలిపి జిప్ కవర్లో వేసి, కోసిన తేదీ రాయండి.

బిస్మార్కియా పామ్ మొలక ముందు లోతుకి దిగి, ఆ తర్వాతే పైకి వస్తుంది. నర్సరీవాళ్లిచ్చే చిన్న కవరు దానికి చాలదు, అడుగు లోతు కుండీ కావాలి.