హైదరాబాదులో పటాల వెంట నాలుగు రోజులు

ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో కన్నుమూసిన దామెర్ల రామారావు గారి చిత్రాలను రాజమహేంద్రవరంలోని ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో చూస్తూ పెరిగినవాణ్ణి; ముప్పయ్యేళ్లు డ్రాయింగు మాస్టారుగా పనిచేసి విరమించుకున్నవాణ్ణి. అందువల్ల పాత కళనూ కొత్త కళనూ ఒకే గోడమీద పెడుతున్న ప్రదర్శనలు హైదరాబాదులో ఎక్కువయ్యాయని మా మేనల్లుడు ఫోనులో చెప్పినప్పుడు, ఆ పక్కపక్కన పెట్టడం ఎలా ఉందో నా కళ్లతో చూడాలనిపించింది. జనవరి ఆఖరి వారంలో నేనూ మా ఆవిడా బయలుదేరాము. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఈ యాత్రలో ఏ చోటు బాగుందో, ఏది లేదో నేను చెప్పబోయే మాటల్లో సగం తీర్పు ఆమె మోకాళ్లదే.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి తెల్లవారుజామున నాంపల్లిలో దిగాము. గచ్చిబౌలిలో ఉంటున్న మేనల్లుడు గౌతమిలో రమ్మనీ, అది లింగంపల్లి దాకా వస్తుంది గనుక మాదాపూరు వైపు బస సులువవుతుందనీ ముందే చెప్పాడు. సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గరవుతుందన్న ఆశతో నేనే వినలేదు. దానికి శిక్ష వెంటనే పడింది. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి మైదానంలో నుమాయిష్ అనే పారిశ్రామిక ప్రదర్శన జరుగుతుంది. 1938లో మొదలైన ఆ ప్రదర్శనకు వచ్చే జనంతో చుట్టుపక్కల లాడ్జీలు నిండిపోతాయి. మాకు దొరికిన లాడ్జీలో గది మూడో అంతస్తులో ఇచ్చారు; లిఫ్టు ముందు కుర్చీ అడ్డంగా వేసి ఉంది. వేడినీళ్లు ఆరు నుంచి ఏడు వరకేనని గోడమీద రాసి ఉంది గాని, ఏ ఆరు గంటలో రాయలేదు. ఒక రాత్రి ఓర్చుకుని, మర్నాడు మాదాపూరులో వంటగదితో సహా ఉన్న ఒక సర్వీసు అపార్టుమెంటుకు మారాము. అద్దె దాదాపు రెట్టింపయింది. కాని కింది అంతస్తు, శుభ్రమైన పక్క, పొద్దున్నే మన చేత్తో మనం పెట్టుకునే కాఫీ. పెద్దవాళ్లతో వెళ్లేవారు ఆ తేడాకు వెనకాడవద్దని నా సలహా. మెట్రోలో నాంపల్లినుంచి అమీర్‌పేటకు వచ్చి రైలు మారితే నేరుగా మాదాపూరే గనుక ఎక్కడ దిగినా ఊరి రెండో కొస అందకుండా పోదు. అమీర్‌పేటలో మారేటప్పుడు మాత్రం ఎస్కలేటరు ఎక్కడుందో ముందు చూసుకుని కదలాలి.

మొదటిరోజు సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాము. 1951లో సాలార్‌జంగ్ నవాబుల నివాసమైన దివాన్ దేవిడీలో మొదలై, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారిన ఈ మ్యూజియానికి శుక్రవారం సెలవని గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ పాత కొత్తల ముఖాముఖి అంటూ ప్రత్యేకంగా ఏదీ లేదు; అయినా నేను వెతుకుతున్న ప్రశ్న నాకు ఇక్కడే దొరికింది. ముసుగు రెబెకా శిల్పం దగ్గర ఎప్పటిలాగే గుంపు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కినది, 1876 నాటిది అని పక్కనున్న పేరు పలక చెబుతుంది. అక్కడినుంచి బిద్రీ గదికి వెళితే జనం పలచబడతారు. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, చెక్కిన గీతల్లో వెండి పొదిగి, బీదరు కోటలోని పాతమట్టినీ నవాసారాన్నీ కలిపిన ద్రావణంతో రుద్దితే, లోహం బొగ్గులా నల్లబడి వెండి మాత్రం తెల్లగా మిగులుతుంది. అలా తయారైన హుక్కా బుడ్లు, పాన్‌దాన్లు వరసగా ఉన్నాయి. వాటి పలకలమీద ఊరు ఉంది, శతాబ్దం ఉంది, మనిషి లేడు. ఇది మ్యూజియం తప్పని నేననను. ఆ వస్తువు నవాబుగారి ఇంటికి వచ్చిననాడే చేసినవాడి పేరు ఎవరూ రాసుకోలేదు. అయితే రెబెకాను చూసిన కళ్లతోనే బిద్రీని చూసినవాడికి, ఒకచోట శిల్పి పేరూ మరోచోట ఊరి పేరూ కనిపించడం గొంతులో ముల్లులా గుచ్చుకుంటుంది. మిగిలిన మూడు రోజులూ ప్రతి గోడమీదా నేను మొదట పలకనే చదివాను.

మ్యూజియం సౌకర్యాల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నడక చాలా ఎక్కువ. సగం రోజులో అంతా చూద్దామనుకుంటే ఏదీ చూడలేము. బిద్రీ, వస్త్రాలు, ఆధునిక భారతీయ చిత్రాలు అని మూడు గదులకే పరిమితం చేసుకుని, గంట గంటకూ బొమ్మ వచ్చి గంట కొట్టే గడియారం ముందు ఆ నిమిషానికి కూర్చోవడానికి చోటు దొరికితే మోకాళ్లకు మంచిది.

రెండోరోజు చూసిన ప్రదర్శన కోసమే అసలు ఈ వ్యాసం రాస్తున్నాను. బంజారాహిల్స్‌లోని ఒక ప్రైవేటు గ్యాలరీలో చేర్యాల పటాలనూ, వాటిని ఆధారం చేసుకుని నేటి చిత్రకారులు గీసినవాటినీ కలిపి పెట్టారు. ప్రవేశం ఉచితం. ఉదయం పదకొండు గంటలకు గాని తలుపు తీయరు. లోపల చల్లగా, నిశ్శబ్దంగా, దీపాలన్నీ ఎక్కడ పడాలో అక్కడే పడుతూ ఉన్నాయి. కూర్చోవడానికి రెండే బల్లలున్నా సరైన చోట ఉన్నాయి. మంచినీళ్లడిగితే గాజుగ్లాసులో తెచ్చి ఇచ్చారు. ఇంత మర్యాద తెలిసిన చోట నేను చూసిన లోపం చిన్నదని కొందరనవచ్చు. నాకు అది చిన్నదిగా కనిపించలేదు.

చేర్యాల తెలంగాణలోని ఒక ఊరు. అక్కడి పటమంటే తెలియనివారికి కొంచెం చెప్పాలి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూతమీద పూత పట్టించి ఆరబెడతారు. కుంచెతోనే నేరుగా బొమ్మ గీసి, వెనకంతా ఇంగిలీకపు ఎరుపు నింపి, ఆ తరువాత మనుషులకూ చెట్లకూ రంగులు వేసి, చివరకు బొమ్మల అంచులు నల్లగీతతో దిద్దుతారు. గీసేవారు నకాశీలు, గీయించుకునేవారు కథ చెప్పేవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారికి ఒక పటం, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారికి ఒక పటం, ఇలా ఏ కులపు కథకు ఆ పటం ఉండేది. మూడడుగుల వెడల్పుతో, నలభై అడుగులు దాటే పొడవుతో ఉండే ఆ పటాన్ని కర్రకు కట్టి, కథ నడిచేకొద్దీ ఒక్కొక్క వరసే విప్పుతూ రాత్రంతా చెప్పేవారు. సినిమా, టీవీ వచ్చాక కథ చెప్పించుకునేవారు తగ్గారు. పటం గోడకు తగిలించుకునే ఒకే ఒక్క చట్రమై చిన్నదయింది. 2007 ప్రాంతంలో ఇది ఆ ఊరి సొంత కళ అని చట్టం ఒప్పుకునే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చినా, ఇప్పుడు ఆ ఊళ్లో ఈ పని పట్టుకుని ఉన్న కుటుంబాలు వేళ్లమీద లెక్కపెట్టేన్ని మాత్రమే.

గ్యాలరీవారు చేసిన మంచిపని ఒకటి ఒప్పుకోవాలి. ఒక పాత పటాన్ని అద్దపు చట్రంలో బిగించకుండా పైకప్పునుంచి వేలాడదీసి, కిందిభాగం చుట్టగానే వదిలారు. మూడు వరసలే కనిపిస్తాయి. మిగిలిన కథ చుట్టలో ఉందని చూసేవాడికి తెలుస్తుంది. ఇదివరకు నేను చూసిన చోట్ల పటాన్ని ముక్కలుగా కోసి చట్రాలు కట్టారు గనుక, దీని ముందు చాలాసేపు నిలబడ్డాను. మా ఆవిడ మాత్రం, "ఇది ఏ కథండీ?" అని అడిగింది. పలకమీద కొలతలూ కాలమూ ఉన్నాయి, కథ పేరు లేదు. నేను బొమ్మల్లో మగ్గం వెతికి, పద్మశాలీల కథ కావచ్చునని చెప్పాను. కథను చూపడానికి గీసిన బొమ్మకు ఏ కథో రాయకపోవడం, పాటల కచేరీలో రాగం పేరు చెప్పకపోవడంలాంటిది కాదు. ఉత్తరం మీద చిరునామా రాయకపోవడంలాంటిది.

దాని ఎదుటి గోడమీద పెద్ద కాన్వాసు ఉంది. అదే ఇంగిలీకపు ఎరుపు మీద ఫ్లైఓవరు, దాని కింద మెడలో గుర్తింపు కార్డులు వేసుకున్న ఉద్యోగులు, ఎద్దుబండి ఉండవలసిన చోట నీళ్ల ట్యాంకరు. ఊహ బాగుంది, మాతో వచ్చిన మేనల్లుడు తనను తాను చూసుకున్నట్టు నవ్వాడు. కాని దగ్గరికి వెళ్లి చూస్తే ముఖాల చుట్టూ చివరి నల్లగీత ఒకే ఊపిరిలో లాగినట్టు ఉంది. ఏళ్ల తరబడి అదే పని చేసిన చేతికి తప్ప రాదు. పలకమీద చిత్రకారుడి పేరు పెద్ద అక్షరాల్లో, చదివిన కళాశాల, సంవత్సరం, కింద చిన్న అక్షరాల్లో "చేర్యాల కళాకారుల సహకారంతో" అని ఉంది. ఆ కళాకారులెవరని బల్ల దగ్గరున్న అమ్మాయిని అడిగాను. పాపం, ఆమె జాబితా తిరగేసింది, ఎవరికో ఫోను చేసింది, పేరు దొరకలేదు. ధర మాత్రం జాబితాలో ఉంది. సాలార్‌జంగులోని హుక్కాకు పేరు లేకపోవడానికి కాలం అడ్డం వచ్చింది. ఈ గీతకు ఏం అడ్డం వచ్చింది?

పాతకళనుంచి తీసుకోవడం తప్పని నా అభిప్రాయం కాదు. బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చదువుకున్న తోట వైకుంఠం తెలంగాణ ఆడవాళ్ల బొట్టునూ ముక్కుపుడకనూ చీర అంచునూ తన సంతకంగా మార్చుకున్నారు. లక్ష్మాగౌడ్ ఉమ్మడి మెదకు జిల్లా నిజాంపూరులోని తన బాల్యాన్ని, ఆమ్లంతో గీతలు చెక్కి అచ్చుతీసే ఎచింగు పలకమీదికీ తరువాత మట్టిబొమ్మల్లోకీ తెచ్చారు. వాళ్లు చూసినదాన్ని తమ చేతిలోకి ఎక్కించుకున్నారు. ఇంకొకరి చేతిని అద్దెకు తీసుకోవడం వేరు. అదీ తప్పుకాదు, అయితే అప్పుడు రెండు పేర్లూ ఒకే సైజులో రాయాలి.

శనివారం మధ్యాహ్నం అదే గ్యాలరీలో చేర్యాలనుంచి వచ్చిన ఒక కళాకారుడు గుడ్డకు పూత పట్టించడం చూపించాడు. చూడడానికి వచ్చినవారికి రుసుము ఉంది, అది న్యాయంగానే ఉంది. నేల మీద కూర్చోలేనివారికి కుర్చీలు వేశారు. పిల్లలకు కొబ్బరిచిప్పల మీద ముఖాలు గీయించారు. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేవి ఆ చిప్పల ముఖాలేనట. అందరూ లేచాక నేను పెద్ద పటాల సంగతి అడిగితే అతను కుంచె కడుగుతూ, "మా తాతలు మూరల లెక్కన గీసిండ్రు సార్, మేం ఇంచుల లెక్కన గీస్తున్నం" అన్నాడు. ఎదురుగా ఉన్న కాన్వాసులో నీ చెయ్యి ఉందా అని అడగబోయి మానేశాను. అడిగితే అతనికి ఇబ్బందవుతుందేమోనని అప్పుడనుకున్నాను; ఇప్పుడు మాత్రం అడిగి ఉండవలసిందనిపిస్తుంది.

మిగిలిన చోట్లను తొందరగా చెప్పేస్తాను. కావూరి హిల్స్‌లోని ప్రభుత్వ చిత్రకళా గ్యాలరీ, చిత్రమయి, మాదాపూరు మెట్రో దగ్గర దిగి ఆటో ఎక్కితే చేరువే. హాళ్లు విశాలంగా ఉంటాయి, మెట్లకు తొందరపడనక్కరలేదు. 2015లో మొదలైన భారతీయ ఛాయాచిత్రోత్సవంలాంటివి అక్కడే జరుగుతాయి. అయితే ప్రదర్శనలు మారుతూ ఉంటాయి గనుక ఫోను చేసి వెళ్లాలి. మేము వెళ్లినరోజు ఒక హాలు ఖాళీ, మరో హాలులో గోడలకు మేకులు కొడుతున్నారు. శిల్పారామం హైటెక్ సిటీ స్టేషనుకు దగ్గర. నూనె పట్టించిన నూలుతో పుట్టపాకలో నేసే తేలియా రుమాలును నేసినవారితోనే మాట్లాడి కొనాలనుకుంటే మంచిచోటు. కాని పల్లె మ్యూజియంలోని మట్టిమనుషుల్ని చూసి ఇదే పల్లె అనుకుంటే పల్లె నవ్వుతుంది. శని, ఆదివారాలు తప్పించుకుని వెళితే నేతగాళ్లకు మాట్లాడే తీరిక ఉంటుంది.

రాజ్‌భవన్ దగ్గరి ఎం.ఎస్. మక్తాకు మాత్రం ఖర్చు లేదు, టికెట్టు లేదు. 2016లో స్టార్ట్ ఇండియా (St+art India) అనే వీధిచిత్రాల సంస్థ వేయించిన గోడచిత్రాలు ఇళ్లమీదే ఉన్నాయి. కొన్నిచోట్ల వానకు రంగు వెలిసింది, ఒక బొమ్మ మొహంలోంచి కొత్త కిటికీ వచ్చింది. అది నాకు నచ్చింది. అది గ్యాలరీ కాదు, జనం ఉండే వాడ. ఉదయం ఎనిమిది గంటలకు ఆడవాళ్లు నీళ్లు పట్టుకుంటున్న వేళ కెమెరా ఎత్తకుండా ఉండటం మర్యాద. ఒక పెద్దాయన తన ఇంటి గోడమీది బొమ్మ గురించి తనే వేసినంత గర్వంగా చెప్పాడు. శాంతినికేతన్‌లో చదువుకున్న జగదీశ్, కమలా మిత్తల్ దంపతులు 1976లో నెలకొల్పిన భారతీయ కళా మ్యూజియానికి ముందుగా అనుమతి తీసుకోవాలి, మేము తీసుకోలేదు. మళ్లీ వెళితే ముందు అక్కడికే.

తిరుగు ప్రయాణానికి ముందు ఆ చేర్యాల కళాకారుడి దగ్గరే రెండడుగుల పటం ఒకటి కొన్నాము. గ్యాలరీ సంచీలో మడిచిపెట్టబోతే అతనే ఆపాడు, మట్టిపూత పగులుతుందట. బొమ్మ బయటికి ఉండేలా వదులుగా చుట్టి, అట్టగొట్టంలో పెట్టి ఇచ్చాడు. పేరు రాయమని పెన్ను ఇచ్చాను. ఎక్కడ రాయాలని అడిగాడు. ముందువైపే, అంచుమీద, అన్నాను. కాసేపు వెతికి, పెన్ను తిరిగి నాకిచ్చి, కడిగి పక్కన పెట్టిన కుంచెను మళ్లీ నల్లరంగులో ముంచాడు.