లాసీనా, ఓల్డ్ యెల్లరా: పిల్లలకు ముందు ఏది చూపాలి?

ఇంట్లో పదేళ్లలోపు పిల్లలుంటే ముందు ‘లాసీ కమ్ హోమ్’ (1943) పెట్టండి. ‘ఓల్డ్ యెల్లర్’ (1957) అంతకంటే బలమైన సినిమానే, కానీ దానికి పిల్లలు కాస్త ఎదగాలి, పెద్దవాళ్లు పక్కన కూర్చోవాలి. రెండూ కుక్క కథలే, రెండూ గంటన్నర లోపే. అనంతపురం ఎండకు పిల్లల్ని బయటికి పంపలేని మధ్యాహ్నానికి సరిపోతాయి.

లాసీలో, పని లేని తండ్రి ఇల్లు గడవక కొడుకు జో పెంచుకునే లాసీ అనే ఆడకుక్కను డ్యూక్ అనే పెద్ద దొరకు అమ్మేస్తాడు. కరువేడాది మేత లేక ఎద్దుల్ని సంతకు తోలిన ఇళ్లలో ఆ తండ్రి మీద ఎవరికీ కోపం రాదు. కుక్కను స్కాట్లండ్ తీసుకుపోతారు, అది తప్పించుకుని ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఉన్న జో ఇంటి దాకా నడిచొస్తుంది. దారిలో ఒక ముసలి దంపతులు దాన్ని చేరదీసి బతికిస్తారు. నాలుగు కాబోతుంటే, అంటే జో బడి వదిలే వేళకు, అది తలుపు దగ్గర చేరుతుంది. ముసలావిడ అది కనిపెట్టి, మనసు ఒప్పకపోయినా వదిలేస్తుంది. నా లెక్కన సినిమా మొత్తానికి అదే గొప్ప సీను. ఈ ఆడకుక్క వేషం కట్టింది పాల్ అనే కోలీ జాతి మగకుక్క అని చెబితే పిల్లలు నోరు తెరుస్తారు. ఐదారేళ్ల పిల్లలుంటే దొంగలు టూట్స్ అనే చిన్న కుక్కను చంపే చోటు మాత్రం దాటించండి, కథేమీ తెగదు.

ఓల్డ్ యెల్లర్‌లో అలా దాటించడానికి లేదు. 1860ల టెక్సస్‌లో తండ్రి పశువుల్ని తోలుకుపోతే ఇంటి బరువు కొడుకు ట్రావిస్ మీద పడుతుంది. ఇంటివాళ్లను కాపాడబోయి వాళ్ల కుక్క యెల్లర్ పిచ్చి (రేబిస్) పట్టిన తోడేలు కాటు తింటుంది. వెంటనే చంపకుండా కట్టడి చేసి కనిపెట్టి చూస్తారు. చివరికి అది గుర్రుమంటుంటే ట్రావిస్సే తుపాకీ ఎత్తాలి. అక్కడ టీవీ కట్టేయకండి, తర్వాత వచ్చే కుక్కపిల్ల దాకా చూస్తేనే పిల్లల మనసు కుదుటపడుతుంది.

‘టీకా వేయించొచ్చు కదా?’ అని అడుగుతారు. శాస్త్రవేత్త పాశ్చర్ రేబిస్ టీకాను మనిషికి వేసింది 1885లో, ఈ కథ అంతకు ముందుది. లక్షణాలు కనిపించాక కుక్కకు ఈనాటికీ మందు లేదు. కర్నూలు వీధుల్లో కుక్క కరిస్తే ఏం చేయాలో అప్పుడే చెప్పేయండి: పారే నీళ్లకింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, పసుపు, సున్నం పెట్టకూడదు, కట్టు కట్టకుండా అదే రోజు సర్కారు ఆసుపత్రికి పోవాలి. అక్కడ చర్మంలోకి ఇచ్చే టీకాకు మొదటి రోజును సున్నాగా లెక్కేసి 3, 7, 28 రోజుల్లో మళ్లీ పిలుస్తారు. ఒక్కటీ తప్పించకూడదు.